కొలరాడో కొండల్లో ఒక ‘కానీ’

ఎల్క్ వేటకి వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి మా ఊరు చాండ్లర్‌లోని స్నేహితులు రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. మగవాళ్ళు ఎన్ని గజాల నుంచి కొట్టారంటారు, ఆడవాళ్ళు మాంసం ఎలా వండాలంటారు. మొదటిదానికి మా ఆయన జవాబు చెప్పడం మానేశాడు. రెండోది నాకూ తెలీదు, ఎందుకంటే ఫ్రీజర్లో ఉన్న ఆ మాంసం నేనింకా ముట్టుకోలేదు. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా ఒకేసారి రాసేస్తున్నాను. వేట గురించి నాకు తెలిసింది బహు తక్కువ. భయం గురించి మాత్రం ఈ ప్రయాణంలో బాగానే తెలుసుకున్నాను.

చాండ్లర్: తూటాల బేరం

మా ఆయన శ్రీనివాస్‌ది కరీంనగర్, నాది తెనాలి. ఇద్దరం ఇక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీల్లోనే పనిచేస్తాం. పౌరసత్వం వచ్చాక జనం ఇల్లు మారుస్తారు, కారు మారుస్తారు. మావాడు తుపాకీ కొన్నాడు. కొనేముందు ఏడాదిపాటు తూటాల మీద పరిశోధన చేశాడు. పట్టుచీర కోసం నేను రెండు దుకాణాలు ఎక్కువ ఎక్కితే గుమ్మంలో నిలబడి గడియారం చూసుకునే మనిషి, తూటాల దగ్గరకొచ్చేసరికి మాత్రం రంగూ అంచూ పోగూ లెక్కపెట్టాడు.

మన తెలుగులో అన్నీ బుల్లెట్లే. ఇక్కడ అలా అంటే నవ్వుతారు. ఇత్తడి గొట్టం, లోపల మందు, ముందు గుండు, అన్నీ కలిపితే కార్ట్రిడ్జ్. ముందుకి ఎగిరే ముక్క ఒక్కటే బుల్లెట్. శ్రీను దగ్గర మూడు సంబంధాలు చివరిదాకా నిలిచాయి. ఒకటి సిక్స్ ఫైవ్ క్రీడ్‌మూర్. భుజానికి తేలిక, గురికి మంచిది, మామూలు జింకకైతే చాలు. దూరాన ఉన్న ఎల్క్‌కి మాత్రం చాలదని పక్కన పెట్టాడు. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్న. రెండోది త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్. పాతకాలం నాటిది, పిడిగుద్దు తిన్నట్టు భుజం వాచిపోతుంది, కానీ ఏనాడూ పరువు తీయలేదని పేరు. మూడోది సెవెన్ పీఆర్‌సీ. కొత్తగా వచ్చింది. సన్నగా, పొడుగ్గా, బరువుగా ఉండే గుండు. గాలికి అంత తేలిగ్గా పక్కకి పోదు. దూరం వెళ్ళినా వేగం నిలబెట్టుకుంటుంది. మావాడి మనసు దాని మీద పడింది, దానికి సరిపోయే తుపాకీయే కొన్నాడు.

"వెయ్యి గజాలు పోయినంక గూడ దీనికి దమ్ము తగ్గదు, తెలుసా?" అని అన్నం తింటూ నాకు చెప్పేవాడు.

"వెయ్యి గజాల అవతల ఏముందో నీకు కనిపిస్తుందా?" అనేదాన్ని.

"స్కోప్‌ల కనిపిస్తది," అనేవాడు, తుపాకీ మీద బిగించే దుర్బిణి గురించి.

తనతో వెళ్ళాల్సిన స్నేహితుడు ప్రసాద్ భార్య పురిటికి సిద్ధంగా ఉండడంతో ఆఖరి వారంలో మానేశాడు. ఒక్కడివే వెళ్తే ఒప్పుకోనన్నాను. అయితే నువ్వే రమ్మన్నాడు. అలా నేను స్పాటర్‌నయ్యాను. తుపాకీ పట్టే మనిషి కన్ను గురి మీదే ఉంటుంది కాబట్టి పక్కన పడుకుని దూరం కొలిచి, గాలి చూసి, అంతా సరిగ్గా ఉందంటే కాల్చమని చెప్పడం స్పాటర్ పని.

ఎడారిలో ప్రాక్టీస్‌కి తీసుకెళ్ళాడు. "కొట్టుమని చెప్పనీకి ఈడోళ్ళు ‘సెండ్ ఇట్’ అంటరు. నువ్వు గూడ అట్లనే అను."

"నాకు నోరు తిరగదు. పార్సిల్ పంపమన్నట్టుంది. ‘కానీ’ అంటాను."

"ఏదైతేంది. కానీ అను."

సాయంత్రం దాకా దూరం, గాలి, ‘కానీ’. నేను అనడం, తుపాకీ పేలడం, అవతల ఇనప రేకు టంగుమనడం. నిజం చెప్పొద్దూ, నాకూ సరదా పుట్టింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మాటకి ఇంత వెంటనే పని జరగడం అదే మొదటిసారి.

కయెంటా దాటాక: మటన్ పులుసు

ఫ్లాగ్‌స్టాఫ్ దాటి ఉత్తరానికి తిరిగితే నవాజో ఆదివాసుల నేల. ఎర్రటి రాతి కొండలు, వాటి మధ్య గీత గీసినట్టు రోడ్డు, కనుచూపు మేరలో ఇల్లుండదు. కయెంటా ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక డేరా కింద నడివయసు ఆవిడ మటన్ స్ట్యూ అమ్ముతోంది. పెద్ద గిన్నెడు పులుసు, పక్కన నూనెలో వేయించిన మెత్తటి రొట్టె, పన్నెండు డాలర్లు. ఎముకతో సహా ఉడికించిన మాంసం, బంగాళదుంప, మొక్కజొన్న. ఉప్పు తప్ప ఏమీ వెయ్యలేదు. మా అమ్మ చూస్తే ఇది పులుసు కాదు పథ్యం అంటుంది. కానీ ఆ చలిగాలిలో గిన్నె చేత్తో పట్టుకుని తాగుతుంటే ప్రాణం లేచొచ్చింది.

"మీ దగ్గర ఎలా వండుతారు?" అని అడిగిందావిడ. కారం, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి అని ఏకరువు పెట్టాను. "ఇంక మాంసం రుచి ఎప్పుడు తెలుస్తుంది?" అంది.  ఆవిడ నవ్వి లోపల్నుంచి వేయించిన పచ్చిమిరపకాయ ఒకటి తెచ్చి నా గిన్నెలో వేసింది.

సరిగ్గా అప్పుడే కారు వెనకాల నుంచి శ్రీను వచ్చాడు. 

"తూటాల డబ్బా గ్యారేజ్‌ల మర్చిపోయిన."

"మొత్తమా?"

"తూటాల పర్సుల మూడున్నయ్. గంతే."

వెనక్కి వెళ్దామంటే పొద్దున్నుంచి వచ్చిన దారంతా మళ్ళీ వెళ్ళాలి. కొలరాడోలోకి దిగాక వచ్చే కోర్టెజ్ ఊళ్ళో కొనుక్కుందామన్నాడు. ఆవిడ ఇచ్చిన రొట్టె తినకుండానే లేచాడు. అక్కణ్ణుంచి కొలరాడో సరిహద్దు దాకా బండి ఆపలేదు. ఏడాదిపాటు లెక్కలు కట్టిన మనిషి డబ్బా పెట్టుకోవడం మర్చిపోవడం నాకు నవ్వు తెప్పించాలి. రాలేదు. ఆ చేతులు స్టీరింగ్ పట్టుకున్న తీరు చూస్తే ఏదో నిరూపించి తీరాలన్నట్టుంది.

కోర్టెజ్: దుకాణంలో వాదన

వేట సామాన్ల దుకాణంలో ప్యాంటుకి ఎర్ర భుజం పట్టీలు తగిలించుకున్న పెద్దాయన కూర్చున్నాడు. డబ్బా ఇంట్లో మర్చిపోయామని చెప్పి సెవెన్ పీఆర్‌సీ ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు. సీజను మొదలవకముందే అయిపోయిందట. త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్ మాత్రం గోడ నిండా ఉంది.

"ఇదైతే ఈ చుట్టుపక్కల పెట్రోలు బంకులో కూడా దొరుకుతుంది," అన్నాడు.

శ్రీను ఊరుకోవచ్చు కదా. గాలికి ఏది ఎన్ని అంగుళాలు పక్కకి పోతుందో చెప్పడం మొదలుపెట్టాడు. పెద్దాయన చివరిదాకా విన్నాడు.

"నిజమే బాబూ. కానీ గాలి ఎంత పక్కకి తోసినా, ఇంట్లో మర్చిపోయిన తూటా ఉన్నంత దూరమైతే తొయ్యదు కదా," అన్నాడు.

నేను నవ్వాపుకోలేకపోయాను. శ్రీను నా వైపు చూసిన చూపుకి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పోనీ ఆ త్రీ హండ్రెడే కొని మన తుపాకీలో పెట్టలేమా అని అమాయకంగా అడిగాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఒకదాని తూటా ఇంకోదాంట్లో పెడితే పేలేది మన మొహం మీదేనట. పెద్దాయన పాపం ఇంకో రెండు దుకాణాలకి ఫోన్ చేశాడు. వాళ్ళ దగ్గరా లేవు.

మూడు తూటాలతోనే బయటకొచ్చాం. ఇంత దూరం కారులో కుదుపులు తిన్న తుపాకీకి గురి సరిగ్గా ఉందో లేదో ఒకటి పేల్చి చూసుకోవడం పద్ధతి. ఒక తూటా దానికి తగలేయడం ఇష్టంలేక చూడలేదు. "నాకు నమ్మకముంది," అన్నాడు. నాకు లేదు.

కొండ మీద మొదటి రోజు

కొలరాడోలో తుపాకీతో పెద్ద జంతువుల వేటకి వెళ్ళేవాళ్ళు ఒంటి మీదా నెత్తి మీదా ఆరెంజ్ రంగు వేసుకోవాలని చట్టం. కాషాయం కాదు, కళ్ళు చెదిరే రంగు. ఎల్క్‌కి అది రంగులా కనిపించదట. మనిషికి మాత్రం ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేటగాడు వేటగాణ్ణి కాల్చకుండా ఉండడానికి పెట్టిన ఏర్పాటు. మా ఊళ్ళో పెళ్ళివారు కూడా వేసుకోనంత ధగధగలాడే కోట్లూ టోపీలూ వేసుకుని ఇద్దరం తెల్లవారకముందే కొండెక్కాం.

ఎత్తు వల్ల తలనొప్పి. నాలుగడుగులకోసారి ఆయాసం. నేను కట్టిన పులిహోర డబ్బాలో గడ్డకట్టి బిస్కట్‌లా విరిగింది. రోజంతా కూర్చుంటే ఒక్క ఉడత కనిపించింది. సాయంత్రం దిగేటప్పుడు ఎక్కడో దూరంగా తుపాకీ పేలింది. ఆ చప్పుడుకి శ్రీను ఆగిపోయాడు.

"ఎవడో కొట్టిండు," అన్నాడు, తన ఇంటి వాటా ఎవరో ఎత్తుకుపోయినట్టు.

"వెళ్ళిపోదాం శ్రీనూ. నాకు ఎందుకో బాగాలేదు."

"రేపొక్క రోజు. రేపు గూడ కనవడకపోతే నువ్వు చెప్పినట్టే చేస్త."

పొడుగాటి పచ్చిక

మర్నాడు వెళ్ళింది రెండు అడవుల మధ్య పొడుగ్గా, సన్నగా సాగిన పచ్చికబయలు. అక్కడక్కడా మంచు. మేం ఒక చివర పడిపోయిన చెట్టు మొద్దు వెనకాల బోర్లా పడుకున్నాం. చలికి పళ్ళు టకటకలాడుతుంటే కారులోంచి తెచ్చిన గోధుమరంగు రగ్గు తీసి ఇద్దరి మీదా కప్పాను. నెత్తి మీదుగా కూడా లాగాను. శ్రీను వద్దనలేదు. తనకీ చలే.

ఎండ చెట్ల మీదకి వచ్చేసరికి ఎడమ వైపు అడవిలోంచి మగ ఎల్క్ ఒకటి బయటకొచ్చింది. అంత పెద్ద జంతువు అంత నిశ్శబ్దంగా నడుస్తుందని నేననుకోలేదు. కొమ్ములు చెట్టు కొమ్మల్లా ఉన్నాయి. 

"దూరం," అన్నాడు శ్రీను పెదవులు కదపకుండా.

కొలిచాను. "నాలుగు వందల ఇరవై గజాలు."

"గాలి?"

"ఎడమ నుంచి. కొద్దిగా."

స్కోప్ మీద మీట టిక్కుటిక్కుమంది. ఎల్క్ పచ్చిక నడిమధ్యకి వచ్చి, మాకు పూర్తిగా పక్కకి తిరిగి ఆగింది. శ్రీను ఊపిరి బిగపట్టాడు. ఇంక నా మాటే తరువాయి. ఆఖరిసారి దుర్బిణిలో చూశాను. ఎల్క్ వీపు మీదుగా, పచ్చిక అవతలి చివర, చెట్ల మధ్య ఆరెంజ్ రంగు కదిలింది.

"కానీ..." అన్నాను.

కానీ శ్రీనూ, వెనకాల ఎవరో ఉన్నారు. ఇదీ నేను చెప్పబోయిన మాట. మొదటి మాట నోట్లోంచి బయటకొచ్చింది. రెండోది రాకముందే తుపాకీ పేలింది.

చెవులు గింగుర్లెత్తాయి. ఎల్క్ నాలుగు గెంతులు గెంతి కూలబడింది. శ్రీను పిడికిలి బిగించి నా భుజం కొట్టాడు. "పడ్డది! సుధా, పడ్డది!"

"వెనకాల మనిషి."

"ఏంది?"

"మనిషి, శ్రీనూ. ఆరెంజ్. దాని వెనకాల."

నా చేతిలోంచి దుర్బిణి లాక్కున్నాడు. ఆ చెట్ల మధ్య ఇప్పుడు ఆరెంజ్ లేదు. నేనూ చూశాను. చెట్లున్నాయి, మంచుంది. మనిషి లేడు.

"నువ్వు కానీ అన్నవ్," అన్నాడు. 

"కానీ, వెనకాల మనిషున్నాడు అని చెప్పబోయాను!"

"మా ఇంట్ల దానికి ‘కని’ అంటం సుధా. నువ్వు కానీ అన్నవ్. కానీ అంటే కొట్టుమని. మనం అనుకున్నదే గదా?"

అనుకున్నదే. నేనే పెట్టిన మాట. తెనాలిలో ఒకే మాటతో ఆపుతాం, ఒకే మాటతో సాగమంటాం. ఎలా పలికామో చూసి అర్థం చేసుకోవాలి. ఆ పలుకు చివరిదాకా వినే వ్యవధి ఆయనకి దొరకలేదు. మేం అలా మొద్దు వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని ఒక మాట గురించి అరుచుకున్నాం. అవతల ఒక మనిషి చచ్చిపోతున్నాడేమోనన్న స్పృహ ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

అవతలి అంచుకి

ఫోన్‌లో సిగ్నల్ లేదు. శ్రీను తుపాకీలో మిగిలిన తూటాలు తీసేసి, మందుల సంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. వెనకాల నేను. మంచులో బూట్లు దిగబడుతున్నాయి. "హలో! హలో! ఎవరైనా ఉన్నారా?" అని ఇంగ్లీషులో అరుస్తున్నాం. కొండ మా అరుపుల్నే తిరిగి ఇస్తోంది.

"జంతువుని చీల్చుకుని బయటకి పోతుందా గుండు?" అని అడిగాను.

ఇంకా జోరుగా పరుగెత్తాడు.

"అంత దూరం వెళ్ళాక ఇంకా బలం ఉంటుందా?"

"ఉంటది," అన్నాడు ఆగకుండానే.

ఎంత ఉంటుందో కూడా ఆయనకి తెలుసు. ఏ దూరానికి ఎంత మిగులుతుందో మా వంటింట్లో అప్పజెప్పినట్టు చెప్పేవాడు. దూరానికి దమ్ము తగ్గదనే కదా ఏరి కోరి దాన్ని తెచ్చుకుంది.

ఎల్క్ పక్కనుంచే వెళ్ళాం. ఇంకా ఆవిరి కక్కుతోంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఏడాదిగా కలలో కూడా దాన్నే చూసిన మనిషి దాని వైపు తలతిప్పి చూడలేదు. నేను దారిపొడుగునా దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఏ దేవుడికి ఏం మొక్కానో ఇప్పుడు గుర్తులేదు. ఆ మనిషి బతికుంటే చాలు, మిగతాదంతా పోయినా ఫరవాలేదనుకున్నాను. మా ఇల్లు, ఉద్యోగాలు, శ్రీను జైలుకి వెళ్ళడం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. అన్నిటికంటే ఎక్కువగా, ఎక్కడో ఒక ఇంట్లో ఇంకా ఏమీ తెలియని ఒకావిడ పొయ్యి మీద ఏదో పెట్టుకుని ఉంటుందనిపించింది. ఆవిడకి నేను ఏ ముఖంతో చెప్పాలి?

చెట్ల దగ్గరకి వచ్చేసరికి శ్రీను వెనకబడ్డాడు. నేనే ముందు వెళ్ళాను.

అతను ఒక స్ప్రూస్ చెట్టు మొదలుకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. నెరిసిన గడ్డం, ఆరెంజ్ కోటు, ఒళ్ళో తుపాకీ. నా కళ్ళు ఆ కోటంతా వెతికాయి. ఎక్కడా నెత్తురు లేదు.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"లేదు. నా పక్కనుంచి ఏదో పోయింది. చప్పుడు విన్నాను. కింద పడిపోయాను." 

శ్రీను వచ్చి అతని ముందు మంచులో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "కాల్చింది నేనే," అన్నాడు. "క్షమించండి. అటవీ వార్డెన్‌కి చెప్తాను. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

అతను శ్రీనుని చూడలేదు. నన్నే చూస్తున్నాడు. "నువ్వేనా స్పాటర్‌వి?"

"అవును."

"నన్ను చూశావా?"

అబద్ధం చెప్పడం ఎంత సులువో ఆ క్షణంలో తెలిసింది. చూడలేదంటే అది ఉత్త పొరపాటుగా పోతుంది. చూశానంటే ఏమవుతుందో తెలీదు.

"చూశాను. చెప్పబోయాను," అన్నాను. ఆ తర్వాత, చావు తప్పించుకున్న ఆ మనిషి ముందు నిలబడి, మా భాషలో ‘బట్’ అనడానికీ ‘గో’ అనడానికీ ఒకటే మాట అని ఇంగ్లీషులో వివరించాల్సి వచ్చింది. నా జీవితంలో అంత సిగ్గుపడుతూ తెలుగు గురించి ఎప్పుడూ చెప్పలేదు.

తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను. అతను నా భుజాల వైపు చూస్తున్నాడు.

"మీ ఆరెంజ్ ఏది?"

అప్పుడు చూసుకున్నాను. గోధుమరంగు రగ్గు నెత్తి మీదుగా నా ఒంటి మీదే ఉంది. కప్పుకునే పరుగెత్తాను. కోటు ఒక్క అంగుళం కూడా కనిపించడం లేదు.

"అవతల మొద్దు పక్కన ఏదో గోధుమరంగుది ఉందని చూశాను," అన్నాడు. "బండరాయి అనుకున్నాను."

ఒళ్ళో ఉన్న తుపాకీ బోల్టు వెనక్కి లాగాడు. కాల్చని తూటా ఒకటి ఎగిరి మంచులో పడింది. శ్రీను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ అడుగున ఉన్న అక్షరాలు చదివాడు. త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్. చదివాక కానీ ఆ తూటా ఎటు వైపు చూస్తూ ఉండిందో ఆయనకి తట్టలేదు. మొహమెత్తి, పచ్చిక పొడుగునా మేం వచ్చిన దారి చూశాడు.

"అప్పటికే సేఫ్టీ మీట తీసేశాను," అన్నాడతను. "ఆ ఎల్క్ నా స్కోప్‌లో కూడా ఉంది. మీరు ముందు కాల్చారు, అంతే."

 నాకు ఒకటే అడగాలనిపించింది.

"మీతో ఎవరూ రాలేదా?"

తల అడ్డంగా ఊపాడు. "ఒక్కణ్ణే వచ్చాను."

నేను ఆ మాట ఇంకాస్త సరిగ్గా పలికి ఉంటే శ్రీను ఆగేవాడు. అతను మాత్రం మా వైపు కాల్చకుండా ఆగేవాడు కాదు. అతని పక్కన ‘ఆగు’ అనడానికి ఎవరూ లేరు.